ఎడమవైపు ముందు చక్రం

మా పక్కింటి బాబాయి పోయారని కబురు వచ్చేసరికి నేను అచ్యుతాపురంలో, కంపెనీ ల్యాబులో, చేతులకి గ్లవుజులు వేసుకుని నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది మా ఆయన. పొద్దున్న పాల పేకెట్టు తెచ్చి, వీధి అరుగు మీద కూర్చుని, కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. "బాబాయి పోనారు" అన్నాడు. నేను ఏ బాబాయి అని మూడుసార్లు అడిగాను. మాకు బాబాయిలకి కొదవ లేదు. ఇంకెవరైనా అయితే బాగుణ్ణని ఒక్క క్షణం అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తోంది.

ఆయన పోయి నెల కావస్తోంది. నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే కుదురు చిక్కడం లేదు. ఒకసారి కుక్కరు కూసిందని లేచాను, ఒకసారి పాప పిలిచిందని లేచాను, రెండుసార్లు ఏ పనీ లేకుండానే లేచి కిటికీలోంచి వాళ్ళ అరుగు వైపు చూసి వచ్చాను. మనిషి గురించి ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియడం లేదు కాబట్టి బండి దగ్గర మొదలుపెడతాను. ఆయనైనా అదే సబబనేవారు.

బంధుత్వం అంటూ ఏమీ లేదు. మాదీ వాళ్ళదీ పెదగంట్యాడ దగ్గర ఒకే కాలనీ, మధ్యలో నడుమెత్తు గోడ. ఆయన పోర్టు వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు క్రేన్లు బాగుచేసి రిటైరయ్యారు. నేను కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే గోడ మీంచి మునక్కాడల కట్ట అందిస్తే, థాంక్సండీ అంకుల్ అన్నాను. అంకులంటే ఎవరో బేంకు మేనేజరు గుర్తుకొస్తాడు, బాబాయి అనమన్నారు. ఆ రోజు నుంచీ బాబాయే. ఆవిడ పిన్ని.

మా వైపు సముద్రపు గాలికి ఇనుము నిలవదు. ఉప్పు ఒకపక్క, పోర్టు దుమ్ము ఒకపక్క, కొత్త గేటు కూడా రెండేళ్ళకే పొరలు పొరలుగా రాలిపోతుంది. దానికి బాబాయి దగ్గర ఒకటే మందు, ఎర్ర ప్రైమరు డబ్బా. దసరాకి ముందు వారం ఆయన ఆ డబ్బా మూత తీశారంటే వీధిలో ఇనపముక్క ఏదీ తప్పించుకునేది కాదు. వాళ్ళ గేటు, మా గేటు, కిటికీ ఊచలు, బట్టలారేసే స్తంభం, బోరింగు చెయ్యి, ఆఖరికి గోడకున్న మేకులు. తుప్పు పట్టిన ఇనుముకి పూజేంటి, ముందు దానికి ఒంటి మీద బట్ట వెయ్యాలి కదా అనేవారు. మా అత్తగారు ఆయనకి వినబడేలాగే, కదలకుండా కూర్చుంటే మనకీ ఓ కోటింగు వేసేస్తాడు అని నవ్వేది. నిజమే, ఆ వారం ఆయన చేతులూ లుంగీ అంచూ ఎర్రగానే ఉండేవి.

రెండేళ్ళ కిందటి దసరా సంగతి ఇది. మాది ఏడు సీట్ల పెద్ద బండి. మా ఆయనకి స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు. అందుకని పాపని కూర్మన్నపాలెంలో స్కూలు దగ్గర దింపి, అనకాపల్లి మీదుగా అచ్యుతాపురం దాకా రోజూ తోలుకెళ్ళేది నేనే. ఈ ‘నేనే’ కోసం ఇంట్లో నేను చెయ్యని యుద్ధం లేదు. అంత బండి నువ్వు తిప్పగలవా అన్న దగ్గర్నుంచి, కంపెనీ బస్సుకేం రోగం అన్నదాకా అన్నీ విన్నాను. విని, నేర్చుకుని, తోలాను. పండగ ముందురోజు బాబాయి మా బండి చక్రాలు విప్పి, ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి బిగించారు. టైర్లు నాలుగూ సమానంగా అరగాలని ఏటా ఆయనే ఆ పని చేసేవారు. మర్నాడు పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ, అన్నీ సక్రమంగా జరిగాయి.

పండగ వెళ్ళిన సోమవారం లంకెలపాలెం దాటాక స్టీరింగు అదిరింది. డెబ్భై దాకా ఏమీ లేదు. ఎనభై దగ్గర నా చేతుల్లో సన్నగా వణుకు మొదలైంది, తొంభై దాటితే తగ్గింది, మళ్ళీ ఎనభైకి దిగితే మళ్ళీ వచ్చింది. సాయంత్రం మా ఆయనకి చెప్పాను. రోడ్డు బాగోలేదన్నాడు. రోజూ వెళ్ళే రోడ్డు నాకు తెలీదా? తను తీసుకెళ్ళి మా కాలనీ చుట్టూ నలభైలో తిప్పి, బండి వెన్నలా ఉందన్నాడు. నలభైలో ఎద్దుబండి కూడా వెన్నలాగే ఉంటుంది.

టైర్ల షాపుకి తీసుకెళ్ళాం. చక్రాలు విప్పి బేలెన్సింగు మిషను మీద తిప్పితే తేడా సున్నా వచ్చింది. బిగించి ఇచ్చారు. రెండు రోజులు కొంచెం నయమనిపించి, మూడోరోజు మళ్ళీ అదిరింది. మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ సున్నా. ఆ షాపతను నాతో మాట్లాడ్డం మానేసి మా ఆయనతో, "బావా, మిషను సున్నా సూపిత్తంది, ఇంక నానేటి సెయ్యను" అన్నాడు. సర్వీసింగు చేసేచోట అలైన్‌మెంటు చూశారు, బాగానే ఉంది. మేడంగారు కొంచెం గట్టిగా పట్టుకుంటున్నారేమో స్టీరింగు అని అక్కడి కుర్చీలో ఉన్నాయన సెలవిచ్చాడు. మూడో వారం వచ్చేసరికి అందరూ బండిని చూడ్డం మానేసి నన్ను చూడ్డం మొదలుపెట్టారు. మా ఆయన మంచివాడే, కానీ ఆ వారం అన్నం తింటూ, ఈ పెద్దబండి అమ్మేసి చిన్నది కొనుక్కుందాం, నువ్వు హాయిగా బస్సులో వెళ్ళు అన్నాడు. ఆ ‘హాయిగా’ అన్న మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. అంతకంటే భయం కూడా వేసింది. అందరూ అంటున్నారంటే నిజంగా నాకే అలా అనిపిస్తోందేమో! వెనక సీట్లో పాప. పాపని దింపాక కూడా ముల్లు ఎనభైకి చేరేలోపే కాలు తీసేసేదాన్ని.

ఇంత జరుగుతున్నా బాబాయికి నేను చెప్పలేదు. అదురు మొదలవకముందు చక్రాలు ఆఖర్న ముట్టుకున్నది ఆయన. చెబితే తప్పు పడుతున్నట్టుంటుందని మొహమాటం. చివరికి ఆయనే గోడ దగ్గర నిలబడి, బండి రెండు రోజులై బయటికి తియ్యట్లేదేమని అడిగారు. అదురుతోంది బాబాయ్ అనేసరికే ఏడుపొచ్చేసింది. కోపంతో వచ్చే ఏడుపు, అది ఆపడం ఇంకా కష్టం. ఆయన ఓదార్చలేదు. ఊరుకో అనలేదు. చీపురు గోడకి ఆనించి, "స్టీరింగా అమ్మా, సీటా?" అన్నారు.

మూడు వారాల్లో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. స్టీరింగే అన్నాను. బ్రేకు వేస్తే ఎక్కువవుతుందా? లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు? తేడా లేదు. ఒకే స్పీడు దగ్గరా? ఎనభై. ఆయన తలూపి, "నువ్వు సెప్పింది నిజమే. బండి అబద్ధం ఆడదు. మనకే ఇనే ఓపిక ఉండదు" అన్నారు. ఆ మాటతో నాకు సగం జబ్బు నయమైంది, బండికి కాకపోయినా.

ఆదివారం పొద్దున్న సబ్బవరం వైపు ఆరులైన్ల రోడ్డు మీదికి వెళ్ళాం. తోలడానికి ఆయన ఒప్పుకోలేదు, నన్నే తోలమన్నారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని బండెక్కారు. అది భక్తి అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. కాదు, వట్టి పాదాలతో నేలని పట్టుకుని ఎక్కడ అదురుతోందో చూడ్డానికి. ఎనభైలో పెట్టించారు. నా పక్కన కాసేపు, మధ్య సీట్లో కాసేపు, వెనక కాసేపు కూర్చున్నారు. మారాలనుకున్నప్పుడల్లా బండి పక్కకి ఆపించేవారు. వెనక ఏమీ లేదన్నారు. న్యూట్రలు చెయ్యమన్నారు, చేశాను, అదురు అలాగే ఉంది. అయితే ఇంజను కాదన్నారు. ముందుకొచ్చి కళ్ళు మూసుకుని, రెండు పాదాలూ నేలకానించి, స్టీరింగు అంచు మీద ఒక వేలు పెట్టి కూర్చున్నారు. వెనక లారీ హారను కొడుతుంటే నాకు కంగారు. ఆయనకి లేదు. చాలాసేపటికి కళ్ళు తెరిచి, ముందు ఎడమ చక్రం అన్నారు.

ఇంటికొచ్చి జాకీ ఎత్తారు. మా పెరటి చీపుర్లోంచి ఒక ఈనె తీసి, రెండు ఇటుకల మధ్య నిలబెట్టి, దాని కొస చక్రం అంచుకి వెంట్రుకవాసి దూరంలో ఉంచారు. నన్ను చక్రం మెల్లగా తిప్పమన్నారు. తిరుగుతోంది, తిరుగుతోంది, ఒకచోట మాత్రం అంచు ఈనెకి తగిలి టిక్కుమంటోంది. ప్రతి చుట్టుకీ అక్కడే. ఆయన కుర్రాడిలా సంబరపడిపోయారు. మిషను మీద సరిగ్గా తిరిగే చక్రం బండి మీద వంకరగా తిరుగుతోందంటే జబ్బు చక్రంలో లేదు, అది కూర్చునే చోట ఉంది అని నాకు విడమర్చి చెప్పారు. మిషనుకి సున్నా ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది. మా ఆయన్ని పిలిచి చూపిద్దామని నేను లేచేలోపు ఆయన నట్లు విప్పడం మొదలుపెట్టారు. మొదటి నట్టు పానా పెట్టగానే తేలిగ్గా తిరిగింది. రెండోదీ అంతే. ఆయన మొహంలో నవ్వు పోయింది.

చక్రం ఊడదీశారు. లోపల చక్రం వెళ్ళి ఆనుకునే గుండ్రటి ఇనప ముఖం ఎర్రగా ఉంది. ఒకపక్క పల్చగా, ఒకపక్క ముద్దలు ముద్దలుగా, నలిగి, ఇసక అంటుకుని. ఎర్ర ప్రైమరు. ఆయన దాన్ని బొటనవేలితో ఒకసారి రాశారు. నేను ఏమైందని అడుగుతుండగానే చక్రం మళ్ళీ పెట్టి బిగించి, లేచి, నా చేతిలో తాళం తీసుకున్నారు. రేపు బండి తియ్యకు అని మాత్రం అని, గోడ అవతలికి వెళ్ళిపోయారు.

నాకెంత కోపమొచ్చిందో చెప్పలేను. ఈయన కూడానా! ఒక్క మనిషి నమ్మాడనుకుంటే ఆయనా తాళం లాక్కున్నాడు. మర్నాడు కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని అచ్యుతాపురం దాకా లోపల్లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. పోయినవారి గురించి రాస్తున్నాను కదా, దాచకూడదు. ఆ ఉదయం ఆయన్ని తిట్టాను.

సాయంత్రం దిగేసరికి మా బండి నాలుగు ఇటుక దిమ్మల మీద ఉంది. చక్రాలు నాలుగూ గోడకి వరుసగా ఆనించి ఉన్నాయి. బాబాయి నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుని, సేండ్‌పేపరుతో ఆ ఇనప ముఖాలు గీకుతున్నారు. తెల్లగా మెరిసేదాకా గీకి, గుడ్డతో తుడిచి, అరచెయ్యి పెట్టి చూసి, మళ్ళీ గీకుతున్నారు. పొద్దుట్నించీ అదే పని, అన్నానికి కూడా లెగలేదని పిన్ని అవతల నుంచి విసుక్కుంది. నన్ను చూడగానే ఆయన చేతిలో పని ఆపి, మా ఆయన్నీ మా అత్తగారినీ బయటికి పిలవమన్నారు. అందరం వచ్చేదాకా ఆగి, లేచి నిలబడ్డారు.

"రంగేసింది నాను. చక్రాలు మార్సినప్పుడు, తుప్పుంది కదాని లోపలకూడా రెండు కోటింగులు ఏసేసినాను. తెల్లారితే పూజని ఆరకుండానే బిగించీసినాను. అక్కడ రంగుండకూడదు, చక్రం సమంగా కూసోదు. రంగు నలిగితే నట్లు ఒదులైపోతాయి. ముప్పయ్యేళ్ళు చేసిన పని, నాకు తెలీక కాదు. చెయ్యి ఊరుకోక" అన్నారు.

మా ఆయనకి ఆయనంటే చిన్నప్పట్నించీ గౌరవం, ఆయన అలా నిలబడి చెప్పుకోవడం ఇబ్బందైపోయింది. పోన్లే బాబాయ్, ఇప్పుడేమైందని అన్నాడు.

బాబాయి గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "ఏటవ్వలేదు? పసిపిల్లని వెనకాల కూసోబెట్టుకుని మూడు వారాలు ఆ చక్రం మీద తోలింది. అదురుతంది అదురుతంది అని మొత్తుకుంది. తప్పు నాది, కాదనను. ఇనకపోవడం నీది. ఆ మాట నాకు కాదు, ఆ అమ్మాయికి సెప్పు."

మా ఆయన గేటు వైపు చూస్తూ, ఏదో సణిగినట్టుగా, నాదీ తప్పేలే అన్నాడు. పెళ్ళైన పన్నెండేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. మా అత్తగారు మాత్రం లోపలికెళ్ళి బాబాయికి టీ పెట్టి తెచ్చింది. గ్లాసు పట్టుకున్న ఆయన చేతులు నీలుక్కుపోయి, వేళ్ళు ముడుచుకోవడం లేదు.

నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆయన ఆ రంగు గప్‌చుప్‌గా గీకేసి, ఏదో మట్టి ఇరుక్కుందమ్మా అంటే ఎవరికి తెలుస్తుంది? పొగిడేవాళ్ళం కూడా. కాలనీలో అందరి బళ్ళూ ఆయన చేతిమీదుగా వెళ్ళేవి, ఆ పేరుకి మచ్చ కూడా పడేది కాదు. ఆ పూట తాళం పట్టుకెళ్ళింది ఎందుకని తరవాతెప్పుడో అడిగాను. చెప్పాలంటే నోరు రాలేదమ్మా, తాళం నీ దగ్గరుంటే నువ్వు పొద్దున్నే తీసేస్తావు కదా అన్నారు. ఆయన మీద కోపంతో బస్సెక్కిన సంగతి నేను చెప్పలేదు. తెలిసే ఉంటుంది.

ఆ తరవాత ఆయన ఎర్ర డబ్బా ముట్టుకోలేదు. మరుసటేడు దసరాకి మా గేటు పొరలు లేచినా చూసీ చూడనట్టు తిరిగారు. మా అత్తగారే ఉండబట్టలేక, గేటుకి వెయ్యొచ్చులెండి, గేటు ఎనభైలో పోదు కదా అని వేళాకోళం చేసింది. నవ్వారు గానీ వెయ్యలేదు.

నాకు మాత్రం చాలా నేర్పారు. చక్రం మార్చడం, నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించడం, సీటు అదిరితే ఎటు చూడాలి, బ్రేకుకి అదిరితే ఎటు చూడాలి. ముందు ఎక్కడో తెలుసుకో, ఎందుకో తరవాత చూద్దాం అనేవారు. ఒకసారి ఎలమంచిలిలో పెళ్ళికి వెళ్తూ దారిలో ఏదో తేడాగా అనిపించి, ఆపి, ఆయనకి ఫోన్ చేశాను. మూడు ప్రశ్నలడిగారు. మూడో దానికి జవాబు చెబుతూనే నేను వంగి చూశాను, వెనక టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు కనబడింది. "మరి నాకెందుకమ్మా ఫోను, నీకే తెలిసిపోయింది కదా" అని పెట్టేశారు. ఆ పెళ్ళికి ఆలస్యంగా వెళ్ళాం గానీ, స్పేర్ టైరు నేనే వేశాను, పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని. మా ఆయన పక్కన టార్చి పట్టుకున్నాడు.

పోయిన నాలుగోరోజు నేను డ్యూటీకి బయల్దేరాను. వెళ్ళాలనిపించి కాదు, ఇంట్లో ఉండలేక. వాళ్ళ ఇంటి నిండా చుట్టాలు, అరుగు మీద చెప్పులు. బండి స్టార్టు చేస్తుంటే కిటికీ ఊచల వెనక పిన్ని కనబడింది. ఆవిడ బయటికి రాకూడని రోజులు. చెయ్యెత్తి ఆగమంది. కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"మొన్న ఆదివారం సూసేరు. ఇంకెవులు సూత్తారమ్మా. నువ్వే సూసుకోవాల" అంది.

ఏంటి పిన్నీ అని అడిగాను. అప్పుడు చెప్పింది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం తెల్లారగట్ల, మేం లేవకముందే, ఆయన మా గేటు చప్పుడు కాకుండా తీసుకుని వెళ్ళి నాలుగు చక్రాల నట్లూ పానా పెట్టి చూసుకునేవారట. ఊళ్ళో ఉన్న ఆదివారం ఒక్కటీ మానలేదట. నాకు చెప్పొద్దన్నారట, చెబితే బండంటే మళ్ళీ బెదురు పుడుతుందని. నేనేమో ఆయన ఆ సంగతి ఎప్పుడో మర్చిపోయారనుకున్నాను. నేనే మర్చిపోయాను.

వచ్చి ఎడమవైపు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాను. ఒక్కో నట్టు మీంచి చక్రం మీదికి సన్నగా సుద్దతో గీసిన గీత. నట్టు కాస్త కదిలినా గీత విరిగిపోయి కనబడుతుంది. అంతకుముందు ఎన్నిసార్లు కళ్ళబడిందో, టైరు షాపువాళ్ళ గుర్తులనుకుని ఉంటాను. చుట్టూ తిరిగి నాలుగు చక్రాలూ చూశాను. చక్రానికి ఐదు చొప్పున ఇరవై గీతలు. ఒక్కటీ విరగలేదు.

ఆ వారం బండి మెల్లగా తోలాను, గుంటల్లో నీళ్ళు తప్పించుకుంటూ తోలాను. శనివారం అనకాపల్లి దగ్గర వాన పట్టుకుంది. వైపర్లు కొట్టుకుంటుంటే, లోపల కూర్చుని ఏడవడం తప్ప నేనేం చెయ్యగలను? కంపెనీ గేటు దగ్గర దిగి చూసేసరికి చక్రాలు శుభ్రంగా, కొత్తవాటిలా నల్లగా ఉన్నాయి, ఒక్క గీతా మిగల్లేదు.

ఆదివారం తెల్లారగట్ల పాప స్కూలు సంచీలోంచి సుద్దముక్క తీసుకుని బయటికొచ్చాను. పానా పెట్టి ఒక్కో నట్టూ చూశాను. బిగువుగానే ఉన్నాయి. మొదటి గీత వంకరగా వచ్చింది. కొంగుతో తుడిచి, మళ్ళీ గీశాను.